మిల్లింగ్ చిప్స్ ఎటు ఎగురుతాయి, వాటిని ఎక్కడ ఆపాలి

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, మిద్దె మెట్ల కింది గదిలోనో, తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే ఒక చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకుని పనిచేసేవారు అక్కడక్కడా కనిపిస్తారు. బోరు మోటారు బ్రాకెట్, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కన్వేయర్‌కు కావలసిన స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపు, పాత లేత్‌కు అరిగిపోయిన కీ, ఇలాంటి పనులు ఒకటి రెండు గంటల్లో తేలిపోతాయి. ఆ పనిలో తెగి లేచిన లోహపు ముక్కలు, అంటే చిప్స్, మాత్రం షెడ్డు నాలుగు మూలలకూ చేరి, చెప్పుల అట్టల్లో గుచ్చుకుని, వంటింటి గడప దాకా వస్తాయి. ఫ్యాక్టరీలో చిప్స్ నేల మీద పడితే షిఫ్టు చివర ఊడ్చే మనిషి ఉంటారు, అందరి కాళ్ళకూ బూట్లు ఉంటాయి. ఇంట్లో మాత్రం అదే నేల మీద పిల్లలు ఒట్టి కాళ్ళతో నడుస్తారు. అందువల్ల ఇంటి షెడ్డులో చిప్స్‌ను అదుపు చేయడాన్ని శుభ్రతకు సంబంధించిన చిన్న విషయంగా కాక, మెషిన్‌ను బిగించేటప్పుడే తేల్చుకోవలసిన విషయంగా చూడాలి.

ఈ సమస్య అనగానే చాలామందికి తోచే పరిష్కారం మెషిన్ చుట్టూ ఒక పెద్ద పెట్టె కట్టేయడం. కంప్యూటర్ ఆదేశాలతో తనంతట తాను నడిచే సీఎన్‌సీ మెషిన్‌కు అది సరైన పరిష్కారమే. కానీ రెండు చేతులతో రెండు హ్యాండిళ్ళు తిప్పుతూ, ప్రతి కోతకూ కొలత చూసుకుంటూ, ముక్కను పట్టి ఉంచే వైస్ విప్పుతూ బిగిస్తూ పనిచేసే మెషిన్‌కు ఆ పెట్టె అడుగడుగునా అడ్డు తగులుతుంది. అడ్డు తగిలేదాన్ని మనిషి ఎంతోకాలం భరించడు, నాలుగు రోజులకే తలుపు ఊడదీసి పక్కన పెడతాడు. చిప్ ఎటు పోతుందో ముందే నిర్ణయించి, కట్టర్‌కు జానెడు దూరంలోనే దాని వేగాన్ని చంపి, కింద ఉన్న ట్రేలో పడేలా చేయగలిగితే పెట్టె అవసరం చాలావరకు తీరిపోతుందని నా అభిప్రాయం. దానికి ముందుగా చిప్ ఎలా పుడుతుందో, ఎందుకు ఎగురుతుందో అర్థం చేసుకోవాలి.

లోహాన్ని తిప్పుతూ కోసే లేత్‌లో టూల్ ఒకసారి లోహంలోకి దిగితే కోత ఆగకుండా సాగుతుంది, కాబట్టి మెత్తని స్టీలు చిప్ పొడవాటి చుట్టలుగా వచ్చి టూల్ పక్కనే వేలాడుతుంది. మిల్లింగ్‌లో కట్టర్ పన్ను ప్రతి చుట్టులోనూ లోహంలోకి దిగుతుంది, మళ్ళీ బయటికి వస్తుంది. దిగిన ప్రతిసారీ ఒక అంచు పలుచగా, మరో అంచు మందంగా ఉండే చిన్న వంకర ముక్కను తెంపి విసురుతుంది. నాలుగు పళ్ళ ఎండ్‌మిల్ (కొసనా పక్కలా కోసే సన్నని కట్టర్) నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంటే నిమిషానికి 4,000 ముక్కలు పుడుతున్నట్టు లెక్క. ఒక్కొక్కటి చూడటానికి ఏమంత ప్రమాదకరంగా కనిపించదు. వేలితో తాకితే మాత్రం అంచు బ్లేడులా ఉంటుంది.

ఈ ముక్కలు ఎంత దూరం పోతాయన్నది ప్రధానంగా కట్టర్ అంచు వేగం మీద ఆధారపడి ఉంటుంది. కట్టర్ వ్యాసాన్ని 3.14తో, దాన్ని మళ్ళీ నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే ఆ వేగం వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద తిరిగితే అంచు వేగం సెకనుకు 0.6 మీటర్లే, కాబట్టి ఎక్కువ భాగం చిప్స్ వైస్ చుట్టూనే రాలుతాయి. అదే మెషిన్‌కు 75 మిల్లీమీటర్ల ఫ్లై కట్టర్ (ఒకే పన్ను పెద్ద వలయంలో తిరిగే కట్టర్) బిగించి, అల్యూమినియం మీద గట్టి కార్బైడ్ టిప్‌తో 1,200 ఆర్‌పీఎం మీద నడిపితే అంచు వేగం సెకనుకు 4.7 మీటర్లకు చేరుతుంది. వైస్‌ను మోసే టేబుల్ నేలకు ఒక మీటరు ఎత్తున ఉందనుకుంటే, అడ్డంగా విసరబడిన ముక్క నేలను తాకడానికి దాదాపు 0.45 సెకన్లు పడుతుంది; ఆ లోపు అది రెండు మీటర్లకు పైగా ప్రయాణం చేయగలదు. పలుచని ముక్కలు గాలి అడ్డుకోవడం వల్ల కొంత ముందే రాలిపోతాయి, వాలుగా పైకి లేచినవి ఇంకా దూరం పోతాయి. ఎండ్‌మిల్‌తో ఏ ఇబ్బందీ లేని షెడ్డు, ఫ్లై కట్టర్ పెట్టిన రోజున మూలమూలలా మెరిసిపోవడానికి కారణం ఇదే. కాబట్టి అడ్డుకట్టను రోజువారీ ఎండ్‌మిల్‌ను బట్టి కాకుండా, మన దగ్గర ఉన్న అతి పెద్ద కట్టర్‌ను బట్టి నిర్ణయించుకోవాలి.

వేగం కంటే తక్కువ శ్రద్ధ పొందేది, నిజానికి ఎక్కువ మేలు చేసేది, దిశ. మామూలు మిల్లింగ్ మెషిన్ స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. మెషిన్ ముందు నిలబడిన మనిషికి కట్టర్ కుడి పక్కన ఉన్న పన్ను తన వైపు వస్తూ ఉంటుంది, ఎడమ పక్కన ఉన్న పన్ను వెనక ఉన్న కాలమ్ (మెషిన్ నిలువు స్తంభం) వైపు వెళుతూ ఉంటుంది. ఇప్పుడు ఒక పలక పైముఖాన్ని వెడల్పైన కట్టర్‌తో చదును చేస్తున్నామని అనుకుందాం. టేబుల్‌ను ఎడమకు నడిపితే పని (కోస్తున్న ముక్క) కుడి వైపు నుంచి కట్టర్ కిందికి వస్తుంది, కాబట్టి కోత కట్టర్ కుడి సగంలో జరుగుతుంది, చిప్స్ నేరుగా మనిషి పొట్ట మీదికీ మొహం మీదికీ వస్తాయి. టేబుల్‌ను కుడికి నడిపితే కోత ఎడమ సగంలో జరుగుతుంది, అవే చిప్స్ కాలమ్ వైపు పోతాయి. కట్టర్ అదే, లోతు అదే, మెషిన్ అదే. హ్యాండిల్ తిప్పే వైపు మారినంత మాత్రాన గుట్ట ముందు నుంచి వెనక్కి మారుతుంది. చదును చేసే పనిలో బరువైన కోతలన్నీ టేబుల్ కుడికి పోయేటప్పుడే తీసుకుని, కాలమ్ వెనక ఒక నిలువు రేకు కడితే, సగం పోరాటం అక్కడే ముగుస్తుంది.

పక్క అంచును ఎండ్‌మిల్‌తో కోసేటప్పుడు మరో లెక్క వస్తుంది. పన్ను తిరిగే దిశకు ఎదురుగా పనిని నడిపితే చిప్స్ కట్టర్‌కు ముందు, ఇంకా కోయవలసిన దారిలో పడతాయి. పన్ను తిరిగే దిశలోనే నడిపితే కట్టర్‌కు వెనక, కోత పూర్తయిన చోట పడతాయి. చిప్స్ దృష్ట్యా రెండోది మేలు. అయితే అరిగిన స్క్రూ, నట్టు మధ్య ఆట (ఒదులు) ఉన్న చేతి మెషిన్లలో ఈ పద్ధతి టేబుల్‌ను ఒక్కసారిగా లాగేసి కట్టర్‌ను విరిచే ప్రమాదం ఉంది. అందువల్ల బరువైన కోతకు ఎదురు పద్ధతి, చివరి పలుచని కోతకు మాత్రమే అనుకూల పద్ధతి వాడటం క్షేమం. చిప్స్ సౌకర్యం కోసం ఈ జాగ్రత్తను వదులుకోకూడదు.

లోహం మారితే చిప్ స్వభావం కూడా మారుతుంది. ఇత్తడి సూదుల్లాంటి పొట్టి ముక్కలుగా తెగి జల్లులా కురుస్తుంది. అవి చర్మంలో గుచ్చుకుంటే కంటికి కనబడవు, చేతికి మాత్రం తెలుస్తూనే ఉంటాయి. పోత ఇనుము నల్లని రజనుగా రాలుతుంది. అది దూరం ఎగరదు గానీ గాలిలో తేలుతుంది, ముక్కులోకి పోతుంది, నూనెతో కలిసి టేబుల్ జారే పట్టాల మధ్య చేరి సానపట్టే ముద్దగా మారుతుంది. మెత్తని స్టీలు చిప్ వేడిగా వస్తుంది. కోతలో పుట్టే వేడిలో ఎక్కువ భాగాన్ని చిప్పే మోసుకుపోతుంది కాబట్టి, నీలి రంగు తిరిగిన చిప్ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడిని చూసిందని అర్థం. అలాంటిది చొక్కా కాలర్ లోపల పడితే చేతులు వెంటనే హ్యాండిల్ వదిలేస్తాయి, అసలు ప్రమాదం ఆ క్షణంలోనే జరుగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీ పనుల్లో ఎక్కువగా వచ్చే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చిప్స్ అయస్కాంతానికి సరిగా అంటవు. అల్యూమినియం, ఇత్తడి అసలే అంటవు. కాబట్టి అయస్కాంతం ఒక్కదాన్నే నమ్ముకుని నేలను శుభ్రం చేసేవారు తాము కోస్తున్న లోహం ఏమిటో ముందు చూసుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. చిప్ మెషిన్‌ను దాటి పోకూడదు, కానీ కట్టర్ దగ్గర ఉండిపోకూడదు కూడా. గాడి కోసేటప్పుడు చిప్స్ గాడిలోనే ఇరుక్కుంటే తరువాతి పన్ను వాటినే మళ్ళీ కోస్తుంది. అల్యూమినియం అయితే పళ్ళ మధ్య ఖాళీలో అతుక్కుని, కట్టర్ పూడిపోయి చివరికి విరుగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే గట్టిపడిన ముక్కలు అంచును తినేస్తాయి. ఎగరకూడదని కట్టర్‌కు ఆనుకుని బ్రష్ వలయమో, రబ్బరు స్కర్టో బిగించి, లోపలి నుంచి చిప్స్ బయటపడే దారి ఉంచకపోతే శుభ్రమైన నేల దక్కుతుంది, పాడైన పని కూడా దక్కుతుంది. చిప్‌కు ఒక జానెడు ఖాళీ ఇచ్చి, ఆ తరువాత ఆపడం ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

దగ్గరి అడ్డుకు పదార్థంగా పాలికార్బనేట్ షీటును మించినది నాకు కనబడలేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు, కత్తిరించడం సులువు, దెబ్బకు పగలదు. అక్రిలిక్ షీటు చూడటానికి అలాగే ఉంటుంది, కొట్లో రెండింటినీ ఒకే పేరుతో ఇచ్చేస్తుంటారు కూడా. కానీ అక్రిలిక్ గట్టి దెబ్బకు పదునైన ముక్కలుగా చీలుతుంది. తేడా పట్టుకోవాలంటే చిన్న ముక్కను పట్టుకారులో పెట్టి వంచి చూడాలి: పాలికార్బనేట్ మడత పడుతుంది, అక్రిలిక్ పటుక్కున విరుగుతుంది. ఆ పరీక్ష చేసేటప్పుడూ కళ్ళద్దాలు తప్పనిసరి. పాలికార్బనేట్‌కు గీతలు త్వరగా పడతాయి, థిన్నర్, అసిటోన్ తగిలితే పగుళ్ళు వస్తాయి. కాబట్టి దాన్ని సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డతోనే తుడవాలి. గీతలతో మసకబారిన షీటు వెనక నుంచి పనిచేసే మనిషి తల పక్కకు వంచి చూడటం మొదలుపెడతాడు, అప్పుడు ఆ షీటు ఉన్నా లేనట్టే. దాన్ని అరిగిపోయే వస్తువుగా లెక్కించి, రెండు మూడు ముక్కలు ముందే కోసి పెట్టుకోవడం మంచిది.

షీటును నిటారుగా, చిప్‌కు ఎదురుగా నిలబెడితే ముక్కలు గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి పై అంచు మీదుగా దూకుతాయి. పై అంచును కట్టర్ వైపు కొంచెం వంచితే తగిలిన ముక్క కిందికి దిగుతుంది. ఎత్తు విషయంలో, మామూలు ఎండ్‌మిల్‌కు ఉండే మెలిక చిప్స్‌ను పైకి ఎత్తుతుంది కాబట్టి షీటు కట్టర్ కొస కంటే బాగా పైదాకా ఉండాలి. కింది అంచు పనికి దగ్గరగా దిగాలి, ఎందుకంటే ఫ్లై కట్టర్ చిప్స్‌ను దాదాపు అడ్డంగా విసురుతుంది.

దేనికి బిగించాలన్న ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. చిన్న మెషిన్లలో కట్టర్ ఉన్నచోటే ఉంటుంది, టేబులే ముందుకు వెనక్కి, అటు ఇటు కదులుతుంది. కాబట్టి షీటును టేబుల్‌కో వైస్‌కో బిగిస్తే కోత సాగుతున్నకొద్దీ అది కట్టర్ నుంచి దూరం జరుగుతుంది, లేదా వచ్చి కట్టర్‌ను తాకుతుంది. స్పిండిల్ హెడ్‌కు బిగిస్తే కట్టర్‌తో పాటే ఉంటుంది, హెడ్ పైకి లేచినప్పుడు తానూ లేస్తుంది. ఒక కీలు పెట్టి తలుపులా తెరుచుకునేలా చేస్తే కట్టర్ మార్చడానికి అడ్డు రాదు. తెరిస్తే మోటారు ఆగేలా ఒక లిమిట్ స్విచ్ కలిపించుకుంటే ఇంకా మేలు, ఆ వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. అయస్కాంతపు స్టాండుకు తగిలించే వంగే చేతుల షీల్డులు కూడా దొరుకుతాయి. వాటితో ఉన్న ఇబ్బంది, అయస్కాంతం చుట్టూ ఇనుప రజను వెంట్రుకల్లా పట్టుకుని ఎంతకూ వదలకపోవడం. అయస్కాంతానికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి వాడితే, పని అయ్యాక సంచిని తిరగేసి లాగినప్పుడు రజనంతా సంచిలో ఉండిపోతుంది.

ఇలాంటి షీటు చిప్స్‌ను ఆపగలదు, విరిగిన కట్టర్ ముక్కను ఆపుతుందన్న హామీ లేదు. బరువైన కార్బైడ్ టిప్ ఊడి వస్తే వంగే చేతికి తగిలించిన షీల్డు పక్కకు తోసుకుపోవచ్చు. అందుకే కట్టర్ తిరిగే తలానికి నేరుగా ఎదురుగా మొహం పెట్టకుండా, కొంచెం పక్కకు నిలబడే అలవాటు షీల్డు ఉన్నా కొనసాగాలి.

దగ్గరి అడ్డు తప్పించుకున్నవాటికి టేబుల్ కింద వెడల్పైన జీఐ రేకు ట్రే ఉండాలి. టేబుల్ రెండు చివరలకూ పూర్తిగా జరిగినప్పుడు కూడా దాని కిందే ఉండేంత పొడవు, చేతికి గీసుకోకుండా మడిచిన అంచు, ఊడ్చి పారబోయడానికి ఒక మూల తెరుపు ఉంటే చాలు. పక్కలకు ఒదులుగా వేలాడే మందపాటి పీవీసీ పట్టీలు రేకు గోడ కంటే బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి దెబ్బను మింగేసి ముక్కను కిందికి జార్చుతాయి. కాకపోతే నీలి రంగు చిప్స్ వాటి మీద మచ్చలు వేస్తాయి, కాబట్టి స్టీలు ఎక్కువ కోసేవారు కట్టర్‌కు దగ్గరి వైపున రేకే పెట్టుకోవాలి. పాత చీరో, దుప్పటో తెరగా కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తిరిగే స్పిండిల్‌కు గుడ్డ కొస చిక్కితే మిగిలినదంతా చుట్టుకుపోవడానికి క్షణం పట్టదు.

వేసవిలో మన రేకుల షెడ్డులో ఫ్యాను లేకుండా నిలబడటం కష్టం. ఆ ఫ్యాను మెషిన్ వైపు తిరిగి ఉంటే అల్యూమినియం పొట్టును, పోత ఇనుము దుమ్మును ఇంటి వైపు తోలుతుంది. మనిషి వెనక నుంచి కాకుండా, గాలి మనిషి మీదుగా పోయి కట్టర్‌ను తాకకుండా బయటికి పోయేలా పక్కన పెట్టుకోవాలి. కంప్రెసర్ గొట్టంతో చిప్స్‌ను ఊదడం ఇంతకంటే చెడ్డ అలవాటు. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు శుభ్రం చేయడానికి వాడే గాలి పీడనం చదరపు అంగుళానికి 30 పౌండ్ల కంటే తక్కువ ఉండాలనీ, అది కూడా చిప్స్‌ను ఆపే అడ్డు, కళ్ళ రక్షణ ఉన్నప్పుడేననీ చెబుతాయి. ఊదిన చిప్ కంట్లోకి పోవచ్చు, లేకపోతే టేబుల్ పట్టాల కిందికి దూరుతుంది. ట్రేలోకి బ్రష్‌తో తోయడం, మిగిలింది వాక్యూమ్‌తో లాగడం సరైన పద్ధతి. కట్టర్ పూర్తిగా ఆగిన తరువాతే బ్రష్ దగ్గరికి పోవాలి. వాక్యూమ్‌లోకి వేడి చిప్స్ లాగకూడదు, ముఖ్యంగా అందులో ముందే రంపపు పొట్టు ఉంటే నిప్పు రాజుకోవచ్చు. మెగ్నీషియం మిశ్రమ లోహాన్ని కోసేవారు దాని చిప్స్ అంటుకుంటే నీళ్ళు పోయకూడదని, పొడి ఇసుక లాంటివే వాడాలని తెలుసుకోవాలి. ఇంటి షెడ్డులో ఆ లోహాన్ని ముట్టకపోవడమే మంచిది.

మెషిన్ ఆరోగ్యం కూడా ఇందులో భాగమే. కాలమ్‌కూ, టేబుల్‌ను కింద మోసే శాడిల్‌కూ మధ్య తెరిచి ఉండే పట్టాల మీద పాత లారీ ట్యూబు నుంచి కోసిన రబ్బరు షీటును కప్పితే చాలాకాలం మన్నుతుంది. చిన్న మెషిన్లలో వేగం మార్చే ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టె తరచుగా కాలమ్‌కు వెనకో పక్కనో ఉంటుంది. దాని గాలి సందుల్లోంచి ఒక్క అల్యూమినియం ముక్క లోపల పడినా బోర్డు కాలిపోవచ్చు. చిప్స్‌ను కాలమ్ వైపు పంపమని పైన చెప్పాను కాబట్టి, ఆ వెనక రేకు ఈ పెట్టెకు ముందు ఉండేలా చూసుకోవడం తప్పనిసరి. సందులను పూర్తిగా మూసేస్తే బోర్డు వేడెక్కుతుంది, గాలి ఆడేలా ఒక చూరు లాంటి అడ్డు పెట్టాలి.

మనిషి విషయానికి వస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే ఎగిరే రేణువుల నుంచి కార్మికుల కళ్ళను కాపాడాలన్న నిబంధన పెట్టారు. ఇంటి షెడ్డును తనిఖీ చేయడానికి ఎవరూ రారు, కాబట్టి ఆ బాధ్యత మెషిన్ స్విచ్ వేసేవారిదే. చూపు కోసం పెట్టుకునే మామూలు అద్దాలు చాలవు, వాటి పక్కలు తెరిచే ఉంటాయి. ఐరోపా ఈఎన్ 166 ప్రమాణంలో ఎఫ్ గుర్తు ఉన్న అద్దాలు, ఆరు మిల్లీమీటర్ల ఉక్కు గోళీ సెకనుకు 45 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకుంటాయి. అమెరికా ప్రమాణం ప్రకారం జెడ్87+ అని ముద్రించినవీ దెబ్బను తట్టుకునేవే. షెడ్డు గడప దగ్గర రెండో జత వేలాడదీయాలి, ఎందుకంటే టీ ఇవ్వడానికి వచ్చినవారు, చూడటానికి వచ్చిన పిల్లలు కూడా అదే గాలిలో నిలబడతారు. స్పిండిల్ తిరుగుతున్నప్పుడు చేతికి గ్లౌజు, భుజాన తువ్వాలు, వదులు లుంగీ, మణికట్టున వేలాడే దారం ఉండకూడదు.

షెడ్డు చెప్పులు వేరు, బయటి చెప్పులు వేరుగా ఉంచడం, గడప దగ్గర కొబ్బరి పీచు పట్టా వేయడం, చిప్స్ ఇంట్లోకి రాకుండా ఆపే అన్నిటికంటే చవకైన ఏర్పాటు. ఊడ్చిన చిప్స్‌ను పెరట్లోకో చెత్తకుప్ప మీదికో విసరకూడదు. పాడి ఎక్కువగా ఉన్న ప్రాంతం మనది; మేతతో పాటు పదునైన లోహపు ముక్కలు మింగిన ఆవుకు కడుపులోని రెటిక్యులమ్ అనే గది గోడకు గుచ్చుకుని ప్రాణం మీదికి వస్తుంది. మూత ఉన్న డబ్బాల్లో ఇత్తడి, అల్యూమినియం, ఇనుము వేరువేరుగా పోగు చేస్తే పాత సామాన్ల కొట్లో మంచి ధర కూడా పలుకుతుంది, కలిపేస్తే అన్నిటికీ ఇనుము ధరే కడతారు.

ఇన్ని ఏర్పాట్లున్నా కంట్లో ఏదో పడినట్టు అనిపిస్తే నలపకూడదు. నలిపితే పైన అతుక్కున్న ముక్క కంటి ముందు పొర అయిన కార్నియాలోకి గుచ్చుకుంటుంది. శుభ్రమైన నీళ్ళతో కడిగి, అప్పటికీ గరగర పోకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే ఇనుప ముక్క ఒక రోజు గడిచేసరికే చుట్టూ తుప్పు వలయం ఏర్పరచగలదు, దాన్ని తీయడం ముక్కను తీయడం కంటే కష్టం. కంటికి ఏదో గుచ్చుకుపోయినట్టు ఉంటే నీళ్ళతో కూడా కడగకుండా, ఒత్తిడి పడకుండా పైన ఒక చిన్న కప్పు అడ్డుపెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ లోహాన్ని కోస్తున్నారో డాక్టరుకు తప్పక చెప్పాలి. కంట్లో ఇనుము ఉండిపోయినవారికి ఎంఆర్‌ఐ తీస్తే అయస్కాంత బలానికి ఆ ముక్క లోపలే కదిలి చూపు పోవచ్చు. అందువల్ల ఎప్పుడైనా, ఏ కారణానికైనా ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్ళవలసి వచ్చినప్పుడు తాను లోహం కోసే పని చేస్తానని అక్కడి సిబ్బందికి ముందే చెప్పాలి, వారు ఎక్స్‌రేతోనో సీటీ స్కానింగ్‌తోనో కన్ను చూసుకున్న తరువాతే లోపలికి పంపుతారు.